‘కొంచెం’ తెలిసిన కర్ర

మా కింది వాటాలో అద్దెకుంటున్న బ్యాంకు ఉద్యోగి మొన్న నన్ను కాకినాడలో ఒక కంప్యూటర్ల దుకాణానికి తీసుకెళ్ళాడు. ఇంట్లో కూర్చుని తెర మీద విమానం నడపడం అతనికి సరదా. దానికి కుడి చేతికి ఒక కర్ర, ఎడమ చేతికి ఇంజను వేగం పెంచే లివరు కావాలట. దుకాణంవాళ్ళు బల్ల మీద రెండు పెట్టెలు పెట్టారు. ఒకటి నల్లగా, బరువుగా, ఒళ్ళంతా బొత్తాలతో ఉంది. రెండోది బాగా చౌక. "మీకు మిషన్ల సంగతి తెలుసు కదండీ, ఏది తీసుకోమంటారు?" అని అడిగాడు.

నేను చౌకదాని మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాను. కర్రని నడిమి నుంచి ఆవగింజంత పక్కకి జరిపి మళ్ళీ వదిలాను. లివరుని సగం దాకా తోసి చెయ్యి తీసేశాను. అది అక్కడే నిలబడింది. ఖరీదైనదానితోనూ అదే చేశాను. "ఇది చాలు" అని చౌకదాన్ని చూపించాను.

దుకాణదారుడు నవ్వాడు. "ఇలా చూసి కొన్నవాళ్ళు ఇంతవరకూ తగల్లేదండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

అది కొట్లో నిలబడి చెప్పే జవాబు కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఆ పేరుని మా ఇంట్లో ఏ గొంతుతో పిలిచేవారో నాకు బాగా గుర్తుంది. రాస్తే నా చెవులకి మళ్ళీ ఆ గొంతే వినిపిస్తుంది.

ఆయన తండ్రి మా తాతగారి పొలాల్లో పాలేరు. ఆయన క్రైస్తవ మిషను స్కూల్లో చదువుకుని, ఎయిర్‌ఫోర్సులో ఫిట్టరుగా చేరి, పదిహేనేళ్ళు చేసి తిరిగొచ్చారు. అక్కడ ఆయన పని గాలిలో ఎగిరే విమానాలతో కాదు. కొత్త పైలట్లకి నేర్పడానికి గదిలో బిగించిన ఉత్తుత్తి విమానం ఒకటి ఉంటుంది. దాని కర్రలూ, తీగలూ, మీటర్ల ముళ్ళూ చూసుకోవడం ఆయన ఉద్యోగం. కొత్తపేట దగ్గర మా ఊళ్ళో కాలవ గట్టున రేడియోలు, పంపుసెట్ల మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టేనాటికి ఆయనకి నలభై ఉంటాయేమో. మా పొలాలు అప్పటికే సీలింగు చట్టానికి కొన్ని, కోర్టులకి కొన్ని పోయాయి.

ఇస్త్రీ చేసిన ఖాకీ పంట్లాం. చొక్కా చేతులు సరిగ్గా రెండు మడతలు. ఏ వస్తువు ముట్టుకోవాలన్నా ముందు గుడ్డతో చెయ్యి తుడుచుకునేవారు. తర్వాత వస్తువుని గోటితో ఒక్కసారి కొట్టి, తల వంచి వినేవారు. మూగబోయిన రేడియోని "ఏమండీ, ఇంక లెగండి" అని గౌరవంగా పిలిచేవారు. మనుషులకి అంత గౌరవం దొరికేది కాదు. రేడియో నెత్తిన అరచేత్తో బాదే రైతులని చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. "మీ నెత్తిన కొడితే మీరు పాడతారేటండి?" అని రేడియోని వెనక్కి తోసేసేవారు. పని ఎంత బాగా కుదిరినా "సరిపోద్ది" అనేవారు. అంతకు మించిన మెప్పు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

ఎనభైల తొలి ఏళ్ళ మాట. నేను అమలాపురంలో డిగ్రీ పూర్తి చేశాను. మా ఇంట్లో అప్పటివరకూ ఎవరూ ఉద్యోగం చెయ్యలేదు. ఇక చెయ్యక తప్పదన్నప్పుడు, నేల మీద ఒకరి కింద పనిచెయ్యడం కన్నా ఆకాశంలో చెయ్యడం మర్యాదగా ఉంటుందనిపించింది. ఆ వయసు ఆలోచన అది. ఎయిర్‌ఫోర్సులో పైలటు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. చిన్న ఊరు కదా, పోస్టాఫీసు మెట్ల మీదే ఆయన నన్ను ఆపారు.

"ఎయిర్‌ఫోర్సుకి కాగితం పెట్టేరంట బాబుగారూ?"

"పెట్టాను."

"అక్కడ ఒక మిషను ముందు కూకోబెడతారండి. చేతిలో కర్ర ఉంటాది. ఎదర దీపం కదులుతా ఉంటాది. దాన్ని గీత దాటకుండా ఆపాలి. ఆ పరీక్ష ఒక్కసారే పెడతారు. పోయిందంటే జన్మలో మళ్ళీ పెట్టరు. తెలుసాండి?"

నాకు తెలియదు. తెలియదని ఆయనతో అనడం ఇష్టంలేక తెలుసన్నాను.

"కర్ర అంటూ ఎప్పుడైనా పట్టుకున్నారా?"

"మా తాతగారికి కారుండేది."

"ఆయ్, తెలుసండి. మా నాన్న తోసేవోడు."

నేను మెట్లు దిగి వెళ్ళిపోయాను. నాకు ఎవరి సాయమూ అక్కర్లేదని వారం రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. ఎనిమిదో రోజు కొట్టుకి వెళ్ళి నిలబడ్డాను. ఆయన తల ఎత్తకుండా, "రేడియో తెచ్చేరా?" అన్నారు.

"లేదు. ఆ కర్ర సంగతి."

ఆయన చెయ్యి తుడుచుకున్నారు. అంతకాలం ఆలోచించి పెట్టుకున్నట్టు గబగబా షరతులు చెప్పారు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకి ఇంటికి రావాలి. ఒక్కరోజు మానినా మర్నాడు రానక్కర్లేదు. "కుర్చీలో ఉన్నంతసేపూ నేను మిమ్మల్ని నువ్వు అంటాను. కుర్చీ దిగేక బాబుగారే. అండీ అండీ అంటా ఉంటే దీపం పోద్ది. అంత టైము ఉండదు."

నేను తల ఊపాను.

"నన్ను ఏమని పిలవాలో తెలీక మీరు నీళ్ళు నమలతన్నారు. ఏమీ పిలవకండి, ఫర్వాలేదు. ‘ఏమోయ్’ అంటే మాత్రం పలకను."

నేను ఏమీ పిలవకుండా ఉండటానికే ఒప్పుకున్నాను. వెళ్ళబోతూ, ఇంత శ్రమ నాకోసం ఎందుకని అడిగాను. అందులో కొంత ముఖస్తుతి ఆశించానేమో.

"ఈ చుట్టుపక్కల ఆ కాగితం పెట్టినోళ్ళు మీరొక్కరే. ఏరుకోడానికి నాకింకోళ్ళు లేరండి" అన్నారు.

ఆయన ఇంటి వెనక గదిలో కిటికీకి గోనెసంచులు కట్టి పట్టపగలే చీకటి చేశారు. ఎదుటి సున్నం గోడ మీద బొగ్గుతో అన్నం పళ్ళెమంత వలయం గీశారు. టేబులు ఫ్యానుకి రెక్కలు ఊడదీసి, దాని తలకి టార్చిలైటు కట్టారు. ఫ్యాను తల అటూ ఇటూ తిరుగుతుంటే టార్చి వెలుగు గడ్డం గీసుకునే అద్దం మీద పడి, అక్కణ్ణుంచి గోడ మీద చిన్న దీపంలా పడేది. ఆ అద్దానికి సైకిలు బ్రేకు తీగలు కట్టి నా చేతికర్రకి తగిలించాలి. ఫ్యాను దీపాన్ని పక్కకి లాక్కుపోతుంటే నేను కర్ర వంచి, అద్దాన్ని వంచి, దీపాన్ని వలయంలోనే ఉంచాలి. ఫ్యాను ఒకేలా తిరుగుతుంది కాబట్టి రెండు రోజుల్లో అలవాటైపోతుందని అద్దానికి ఒక పురికొస కూడా కట్టారు. ఆయన స్టూలు మీద కూర్చుని తోచినప్పుడల్లా తోచినంత లాగేవారు. అదే మాకు ఈదురుగాలి.

ఆయన భార్య మిషను స్కూల్లో టీచరు. మొదటి రోజు ఆ ఏర్పాటంతా చూసి, "అందరి ఫ్యాన్లూ గాలిస్తాయండి. మా ఫ్యాను చూడండి, గాల్లోకి పోయేవోళ్ళకి చాకిరీ చేస్తంది. ఈ ఎండాకాలం మేం ఏమైపోవాలో మీరే చెప్పండి బాబుగారూ" అన్నారు. గది ఉడికిపోయేది. గ్లాసుతో టీ తెచ్చి పక్కన పెట్టేవారు. మొదటి మూడు రోజులూ నేను తాగలేదు. నాలుగో రోజు ఆవిడ తేలేదు. అయిదో రోజు నేనే అడిగాను.

అయితే అసలు కర్ర ఏది? దానికే నెలన్నర పట్టింది. అంతవరకూ రోజూ వెళ్ళి పనిముట్లు అందించేవాణ్ణి.

నాతో చదువుకున్న రాజోలు కుర్రాడు దుబాయి వెళ్ళి టీవీలో ఆడుకునే ఆట పెట్టె తెచ్చుకున్నాడు. దానికి నిగనిగలాడే విదేశీ చేతికర్ర ఉంది. చౌకరకం వస్తువు మా గడప ఎప్పుడూ తొక్కలేదన్న మాట వింటూ పెరిగినవాణ్ణి. సైకిలు తీగలతో, తుక్కుతో నా భవిష్యత్తు తేలడం నాకు తలవంపుగా ఉండేది. ఆ కుర్రాణ్ణి అడిగి కర్ర తెచ్చి ఆయన ముందు పెట్టాను.

ఆయన గోటితో కొట్టి విన్నారు. నాలుగు మరలు విప్పి అడుగు చెక్క తీశారు.

"చూడండి బాబుగారూ. లోపల నాలుగు స్విచ్చులు. అటంటే అటు, ఇటంటే ఇటు. అంతే. ‘కొంచెం అటు’ అనే మాట దీనికి తెలీదు." మరలు మళ్ళీ బిగించి నా చేతికిచ్చారు. "విమానం అంతా ‘కొంచెం’లోనే ఉంటాదండి. కొంచెం తెలీని కర్ర బంగారంతో చేసినా మనకి పనికిరాదు."

ఆదివారం గుడిలో ఆయన ప్రార్థన అయ్యాక ఇద్దరం బస్సెక్కి రావులపాలెం వెళ్ళాం. అరటిగెలల మార్కెట్టు వెనక లారీలు బాగుచేసే షెడ్లలో, నూనె మరకల మట్టిలో కూర్చుని ఆయన ఒక్కొక్క ముక్కా కొట్టి వింటూ పోయారు. షెడ్డువాళ్ళు ఆయన్ని చూసి, "ఏం గురువుగారూ, ఇనప ముక్కలకి జొరం చూత్తన్నారా?" అని ఆటపట్టించారు. చివరికి ఒక లారీ స్టీరింగు కింద ఉండే అరిగిన గుండు కీలు ఏరారు. గిన్నెలో గుండులా అన్నివైపులా వంగుతుంది. దాని మీద గొట్టం నిలబెట్టి, పైన సైకిలు హ్యాండిలు పిడి తొడిగితే కర్ర అయింది.

కర్ర చెయ్యి వదిలితే తనంతట తను నడిమికి రావాలి. ముందు సైకిలు సీటు స్ప్రింగులు కట్టి చూశారు. నడిమి దగ్గర టిక్కుమని పట్టుకునేది. అక్కడ అగ్గిపుల్లంత మేర కర్ర కదిలినా దీపం కదలదు. "ఇక్కడ చచ్చుచోటు ఉంది. ఇక్కడ నువ్వు నిద్రపోతావు" అని ఊడదీశారు. తర్వాత సైకిలు ట్యూబు ముక్కలు నాలుగు వైపులా కట్టారు. మెత్తగా, టిక్కు లేకుండా వచ్చింది. ఎండకి ట్యూబు సాగిపోతే ప్రతి సోమవారం మార్చేవారు. "సరిపోద్ది" అన్నారు.

నా పట్టు సరిపోలేదు. మా ఇంట్లో దేన్నయినా గట్టిగా పట్టుకోవడమే నేర్పారు. "అది కర్ర. నీ రైతు కాదు, పీక పట్టుకోడానికి" అని అరిచేవారు. చెప్పి లాభం లేదని ఒకరోజు మాగిన చక్కెరకేళీ అరటిపండు తెచ్చి, తొక్కతో సహా పిడికి దారంతో కట్టారు. నొక్కితే గుజ్జు కారుతుంది, మర్నాడు ఇంకో పండు. వారం రోజులు నా అరచెయ్యి జిగురుగానే ఉంది. టీచరుగారు గుమ్మంలోంచి, "తినే పండండీ అది, పాపం" అనేవారు. పదో రోజుకి మూడు వేళ్ళతో పట్టుకోవడం వచ్చింది. ఆ రోజు పండు ఆయన వొలిచి సగం నాకిచ్చారు.

నాకు ఇంకో జబ్బు ఉండేది. దీపం వలయం దాటగానే కర్ర వదిలేసి, "మళ్ళీ మొదటి నుంచి" అనేవాణ్ణి.

"గాల్లో మొదటి నుంచి అనేది ఉండదు. కర్ర పట్టుకో."

"పోయింది కదా!"

"పోతే? ఎక్కడికి పోయింది? గోడ మీదే ఉంది. ఎక్కడుండాలో చూడకు, ఎక్కడుందో చూడు. అక్కణ్ణుంచి తెచ్చుకో."

ఎన్ని మధ్యాహ్నాలు ఆ మాట విన్నానో లెక్కలేదు.

ఎడమ చేతికీ పని ఉండేది. ఒక పాత రేడియో ఈలలా కూస్తుండేది. ఆయన చక్రం తిప్పి కూత పెంచితే నేను లివరుతో దించి మొదటి స్థాయిలో ఉంచాలి. కుడి చేతికి దీపం, ఎడమ చేతికి కూత. ఈ లివరు కర్రకి పూర్తిగా తిరగబడ్డ రకం. చెయ్యి తీస్తే నడిమికి రాకూడదు, ఎక్కడ వదిలితే అక్కడే ఉండాలి. జీపు గేరు రాడ్డు తెచ్చారు. అది గాడిలో పడి ఆగుతుంది కానీ మధ్యలో నిలబడదు. పంపుసెట్టు లివరు తెచ్చారు. అది స్ప్రింగుతో వెనక్కి పోతుంది. ట్రాక్టరు చేతి యాక్సిలరేటరు సరిగ్గా అలాంటిదే కానీ, నడిచే ట్రాక్టరుది ఎవరూ ఊడదీసి ఇవ్వరు. షెడ్లలో దొరికినదానికి వాషర్లు అరిగిపోయి తలకాయ వాల్చేసింది.

"మీ తాతగారి కారుకి చక్రం దగ్గర చిన్న లివరుండేది. చేత్తో పెట్రోలు పెంచేది. అది ఉందాండి?" అని అడిగారు.

ఉంది. కారు మా పశువుల శాలలో ఇటుకల మీద నిలబడి ఉంది. టైర్లు ఎప్పుడో పోయాయి. తుక్కు కొనేవాళ్ళు ఏటా వచ్చేవారు, మా అమ్మ ఏటా గుమ్మంలోంచే పంపించేసేది. మా ఇంట్లో వస్తువులు అమ్మే అలవాటు లేదు. పోగొట్టుకునే అలవాటే ఉండేది.

"మీరొచ్చి చూడండి" అన్నాను.

"వస్తే వీధి గుమ్మంలోంచి వస్తానండి. దొడ్డి దారిన రాను. అలా కుదరదంటే స్పానర్లు ఇస్తాను, మీరే ఊడదీసుకు రండి."

ఇంటికెళ్ళి అమ్మకి రెండు సంగతులూ చెప్పాను. "కావాలంటే కారు మొత్తం తీసుకుపొమ్మను. ముక్క ఇవ్వడమేమిటి? మనది తుక్కా?" అంది.

"మొత్తం అక్కర్లేదమ్మా, లివరు చాలు."

"వీధి గుమ్మం గొళ్ళెం తుప్పుపట్టింది. నూనె వెయ్యి" అంది.

మర్నాడు ఆయన వచ్చారు. చెప్పులు బయట విడిచి, హాల్లోకి వచ్చి, "నమస్కారమండి అమ్మగారూ" అన్నారు. అమ్మ కుర్చీలోంచి లేవలేదు. కూర్చోమనీ అనలేదు. ఆయన నిలబడే ఉన్నారు, ఆయన వెన్ను మా ఇద్దరి వెన్నుల కన్నా నిటారుగా ఉంది.

"మా అబ్బాయి నెగ్గుతాడా?" అని అడిగింది.

"చెప్పలేనండి. ఒక్కసారే అవకాశం. నాకైతే ఆ ఒక్కసారి అయిపోయింది."

నేను ఆయన ముఖం వంక చూశాను. నాకెప్పుడూ చెప్పని సంగతి అది. అమ్మే అడిగింది, ఏమైందని.

"అక్కడ పనిచేస్తా ఉండగా నేనూ పైలటుకి కాగితం పెట్టేనండి. మా ఆఫీసరుగారే పెట్టించేరు. మిషను ముందు కూకున్నాను. కర్ర పట్టుకోగానే అందులో వదులు తెలిసింది. కుడివైపు చిన్న బోల్టు లూజు. నేను ఫిట్టర్ని కదండీ. దీపం కదులుతా ఉంటే నేను ఆ బోల్టు ఎక్కడుందా అని చూస్తన్నాను. ఎన్ని చుట్లు బిగించాలా అని లెక్కెడతన్నాను. ఇంతలో టైమైపోయింది. బయటికొచ్చి, మీ కర్ర లూజండి అని చెప్పేను. థాంక్యూ అన్నారు. ఆ సాయంత్రం వాళ్ళని అడిగి వెళ్ళి నేనే బిగించేను."

అమ్మ నా వైపు తిరిగింది. "ఆ ముక్క తీశాక శాల తలుపు సరిగ్గా వెయ్యమను" అంది. ఆవిడ ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

శాలలో ఆయన స్పానరు నా చేతికిచ్చారు. "మీ కారు. మీరే విప్పండి" అన్నారు. ముప్ఫై ఏళ్ళ తుప్పు. నా చెయ్యి రెండు చోట్ల చీరుకుంది. చివరికి ఇత్తడి లివరు నా చేతిలోకి వచ్చింది. ఆయన తుడిచి, గోటితో కొట్టి, తల వంచి విన్నారు. సగం దాకా తోసి వదిలారు. నిలబడింది. నేను "సరిపోద్ది" అనే మాట కోసం చూశాను. ఆయన దాన్ని జేబురుమాల్లో చుట్టారు.

పరీక్షకి మూడు వారాలుందనగా, మైసూరు రమ్మని కాగితం వచ్చిన మర్నాడు, కర్ర పట్టుకోగానే ఏదో తేడాగా అనిపించింది. కుడివైపు చెయ్యి కదిలిన కాసేపటికి గానీ దీపం కదలడం లేదు.

"వదులైపోయింది" అన్నాను.

"నేనే చేసేను."

నాకు కోపం వచ్చింది. "మూడు వారాల్లో నా జీవితం తేలిపోతుంది. మంచి కర్ర మీద నేర్చుకోనివ్వరా? ఈ చౌకబారు సామానుతో కాకపోతే మద్రాసు నుంచి తెప్పించనా?"

"తెప్పించు. మంచి కర్ర మీద ఎవడైనా నడుపుతాడు. ఖరీదైన కర్ర నీ తప్పులు దాచిపెడతాది. అక్కడ ఏ కర్ర ఇస్తారో నీకు తెలుసా? నాకు తెలుసా? బాగుంటే సంతోషం. బాగోకపోతే? కర్ర బాగోలేదని దేవుడికి అర్జీ పెడతావా?" స్టూలు ముందుకి జరుపుకున్నారు. "కూకో. దీపం చూడు. కర్ర గొడవ నాది."

ఆ మూడు వారాలూ రోజుకో చోట వదులు పెట్టారు. ఒకరోజు కుడివైపు ట్యూబు కోసేశారు. ఒకరోజు ఒక తీగ బిగించి, ఒక తీగ సాగదీశారు. ఏం చేశారో ముందు చెప్పేవారు కాదు. నేనూ అడగడం మానేశాను. ఏదో ఒకటి పాడై ఉంటుందని తెలుసు, దీపం గోడ మీదే ఉంటుందనీ తెలుసు. నాకు తెలియకుండానే నా చెయ్యి ముందు కర్రని ఒకసారి మెల్లగా అడిగేది, నేను ఎంత జరిపితే నువ్వు ఎంత జరుగుతావని. జవాబు వచ్చాక పని మొదలుపెట్టేది.

మైసూరులో నాతోపాటు ముప్ఫైమంది దాకా ఉన్నారు. చాలామంది సైనిక్ స్కూళ్ళలో చదివినవాళ్ళు, ఇంగ్లీషు దంచేస్తున్నారు. అందరికీ కలిపి చివరిసారిగా చెప్పారు, ఇది ఒక్కసారే, ఇందులో పోయినవాళ్ళు ఇంక పైలటు మాట మర్చిపోవచ్చని. ఒకతను కిటికీ వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు.

నా వంతు వచ్చింది. కుర్చీ, కర్ర, ఎదురుగా చిన్న తెర. అది నేనెరిగిన గోడ కాదు. దీపం మా ఫ్యాను కన్నా వేగంగా, ఎటు పడితే అటు పోతోంది. మొదలైన కొద్ది క్షణాలకే అది గీత దాటి మూలకి పారిపోయింది. నోటిదాకా వచ్చింది, ‘మళ్ళీ మొదటి నుంచి’ అని. ఆ మాట అడగడానికి పక్కనున్న ఆఫీసరు వైపు తల తిప్పి ఉంటే అంతటితో అయిపోయేది. తిప్పలేదు. దీపం మూలలో ఉంది. మూలలోంచి తెచ్చుకున్నాను. మళ్ళీ పోయింది, మళ్ళీ తెచ్చుకున్నాను. ఎన్నిసార్లు పోయిందో నాకు తెలియదు. కర్ర మంచిదో చెడ్డదో ఇప్పటికీ చెప్పలేను. దాని వంక ఆలోచన పోలేదు.

సాయంత్రం వరండాలో నిలబెట్టి నెంబర్లు చదివారు. నెగ్గినవాళ్ళవి చదివి, మిగిలినవాళ్ళని రైలు ఖర్చులు తీసుకుని వెళ్ళిపొమ్మన్నారు. నా నెంబరు చదివారు. తర్వాత రోజుల్లో ఇంకా పరీక్షలు జరిగాయి, అవీ గట్టెక్కాను. అటుపైన నేను ఎగిరిన ఏళ్ళ గురించి ఇక్కడ రాయను. అవి నావి.

రావులపాలెంలో బస్సు దిగి, ఇంకో బస్సు పట్టుకుని, పెట్టెతో సహా ముందు కొట్టుకే వెళ్ళాను. ఆయన ఒక రేడియో లోపల తల దూర్చి ఉన్నారు.

"మిషను నెగ్గాను" అన్నాను.

ఆయన సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టారు. చెయ్యి తుడుచుకున్నారు. తుడిచిన చెయ్యే మళ్ళీ తుడుచుకున్నారు. లేచి, కొట్టు చెక్కలు ఒక్కొక్కటీ వేసి తాళం పెట్టారు. అంత మిట్టమధ్యాహ్నం ఆ కొట్టు మూయడం నేను చూడలేదు. అరుగు మీద రేడియో కోసం కూర్చున్న రైతు, "మరి నాదో?" అన్నాడు.

"రేపండి" అని నడక మొదలుపెట్టారు. నేను పెట్టె మోసుకుంటూ వెనకాలే వెళ్ళాను.

టీచరుగారు సెలవులకి ఇంట్లోనే ఉన్నారు. సంగతి విని, "దేవుడు మేలు చేసేడు. ఇంక నా ఫ్యాను నాకిచ్చేయండి" అని నవ్వారు. ఆయన వినిపించుకోలేదు. వెనక గదిలోకి వెళ్ళి గోనెసంచులు దించారు. టార్చి వెలిగించారు. ఫ్యాను మీట నొక్కారు. కుర్చీ దగ్గరికి వచ్చి, కాసేపు నిలబడి, కూర్చున్నారు.

ఆవిడ గుమ్మంలో ఆగిపోయారు. మెల్లగా నాతో అన్నారు: "ఇన్నాళ్ళూ అందులో ఒక్కసారీ కూర్చోలేదండి. పక్కన నిలబడే సరిచూసుకునేవారు. అదేంటండీ అంటే, నా పరీక్ష అయిపోయింది కదా అనేవారు."

"అప్పుడు కర్ర లూజని నెగ్గలేదనుకున్నాను" అన్నారాయన, గోడ వైపే చూస్తూ. "అంతకన్నా చెడ్డ కర్ర మీద నేర్చుకుని ఒకడు నెగ్గి వచ్చేడు. ఇంక కర్రని అనడానికి లేదు. నా సంగతేటో చూసుకోవాలి. ఆ స్టూలు మీద కూకో. తాడు పట్టుకో."

నేను స్టూలు మీద కూర్చున్నాను. పురికొస వేలికి చుట్టుకున్నాను. దీపం వలయం మధ్యలో నిలబడింది. నేను మెల్లగా, తగిలీ తగలనట్టు లాగాను. దీపం కదల్లేదు.

"అదేం లాగడం?" అని గద్దించారు. "నేను నిన్ను అలాగే లాగేనా? మొహమాటం దేనికి? లాగు."

గట్టిగా లాగాను. దీపం ఎగిరి వలయం దాటి, గోడ పైకి, దూలం దాకా పోయింది. టీచరుగారు "అయ్యో" అన్నారు. ఆయన భుజం కదల్లేదు. దీపం దూలం మీంచి కిందికి దిగింది, గీత దగ్గర ఒకసారి తడబడింది, లోపలికి వచ్చింది.

నేను మళ్ళీ లాగాను.